అంత స్పష్టంగా గుర్తున్నది, జరగనే లేదంటే?

పాతకాగితం

1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైంది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. మర్నాడు పొద్దున్నే అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులకు కాగితాలిచ్చి, ఆ వార్త మీకెలా తెలిసింది, అప్పుడెక్కడున్నారు, ఏం చేస్తున్నారు, పక్కన ఎవరున్నారు అని రాయించుకున్నాడు. రెండున్నరేళ్లు ఆగి, నికోల్ హార్ష్‌తో కలిసి, వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగాడు. పావు వంతు మంది చెప్పింది, తాము రాసిన కాగితంతో ఏ ముఖ్య విషయంలోనూ కలవలేదు. తరగతిలో ఉండగా ఎవరో లోపలికొచ్చి మాట్లాడుకుంటుంటే విన్నానని మర్నాడు రాసిన విద్యార్థికి, ఆ తర్వాత హాస్టల్ గదిలో రూమ్మేట్‌తో కూర్చుని టీవీలో చూసినట్టు గుర్తుంది.

నేను ఆగిపోయింది ఆ తర్వాతి ఘట్టం దగ్గర. వాళ్ల చేతిరాతే వాళ్లకు చూపించారు. అయినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. అప్పుడు రాసిందే తప్పయి ఉంటుందని వాదించినవాళ్లూ ఉన్నారు.

మరచిపోవడం అందరికీ ఉన్నదే. కానీ గది, మనుషులు, టీవీ వెలుగు అన్నీ నిండుగా ఉన్న జ్ఞాపకం, ఎదురుగా సొంత దస్తూరీ ఉన్నా లొంగలేదంటే నాకు భయమేసింది. మన గురించి మనకు తెలిసిందంటూ ఏదైనా ఉంటే అది ఈ దారినే కదా వచ్చింది. చూడటం, గుర్తుంచుకోవడం, చెప్పుకోవడం. ఈ మూడింటిలో నిజం ఎక్కడ చెయ్యి మారుతోంది? ఆలోచించి రాయండి, తొందరేం లేదు.

మెదడుబడి

చూడటం దగ్గరే మొదలవుతుందండీ. నేత్రపటలం నుంచి నరం బయటికి వెళ్లే చోట వెలుగును పట్టే కణాలే ఉండవు. బడిలో అంధచుక్క అని చదువుకున్నాం. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటి లోటును రెండోది తీరుస్తుంది. ఒక కన్ను మూసినా మనకు ఎక్కడా చిల్లు కనపడదు, ఎందుకంటే చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడు ఆ చోటు నింపేస్తుంది. పైగా నిజంగా స్పష్టంగా కనిపించేది చూపు మధ్యలో చాలా చిన్న భాగం మాత్రమే. మిగతాదంతా మసక. గది మొత్తం ఒకేసారి తేటగా కనిపిస్తోందన్న భావన, కళ్లు అటూ ఇటూ కదిలి ఏరుకొచ్చినదాన్ని మెదడు కలిపి కుట్టగా వచ్చింది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే ఈ మాట చెప్పాడు: చూడటమంటే మనకు తెలియకుండా మనం చేసే ఊహ.

1999లో సైమన్స్, షబ్రీ చేసిన ప్రయోగం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక వీడియో చూపించి, అందులో బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నింపాదిగా వచ్చి, గుండెలు బాదుకుని వెళ్లిపోయింది. చూస్తున్నవాళ్లలో సుమారు సగం మందికి అది కనపడలేదు.

జ్ఞాపకం సంగతికొస్తే, 2000లో కరీం నాదర్, షాఫ్, లెడూ ఎలుకల మీద చేసిన పని ముఖ్యం. ఒక శబ్దం వినిపించి షాక్ ఇస్తే ఎలుక ఆ శబ్దానికి భయపడటం నేర్చుకుంటుంది. ఆ భయం స్థిరపడ్డాక శబ్దాన్ని మళ్లీ గుర్తుచేసి, వెంటనే మెదడులో భయాన్ని నేర్చుకునే భాగమైన ఎమిగ్డాలాలోకి ప్రోటీన్ల తయారీని ఆపే మందు ఎక్కిస్తే, తర్వాత ఆ భయం బాగా తగ్గిపోయింది. గుర్తుచేయకుండా మందు ఒక్కటే ఇస్తే ఏమీ కాలేదు. అంటే తలుచుకున్న జ్ఞాపకం కాసేపు మెత్తబడి, మళ్లీ కొత్తగా గట్టిపడాల్సి వస్తోంది. మనుషుల జీవిత జ్ఞాపకాలకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే చర్చ. కానీ తలుచుకున్న ప్రతిసారీ జ్ఞాపకం మార్పుకు అందుబాటులోకి వస్తుందన్న ఆలోచనకు బలం అక్కడి నుంచి వచ్చింది.

తర్కం

మెదడుబడి గారూ, చూపునూ జ్ఞాపకాన్నీ మీరు విడివిడిగా పెట్టారు. మన నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, వాటిని ఒకచోట కలిపి చూశారు. ముత్యపుచిప్ప చూసి వెండి అనుకున్నవాడి సంగతి తీసుకోండి. వాడి ఎదుట వెండి లేదు. కానీ వెండి అంటే ఏమిటో వాడికి తెలుసు, ఇంకెక్కడో చూశాడు. తళుకు చూడగానే ఆ పాత వెండి లేచి వచ్చి ఈ చిప్ప మీద కూర్చుంది. దీన్ని అన్యథాఖ్యాతి అన్నారు. భ్రమలో కనిపించేది శూన్యం నుంచి పుట్టదు. ఉన్నదే, కాని చోట కనిపిస్తుంది. అద్వైతులు తాడు మీద పాము విషయంలో వీళ్లతో ఒప్పుకోరు, ఆ పాముకు ఒక రకం తాత్కాలిక ఉనికిని ఇస్తారు. ఆ తగువు శతాబ్దాల పాటు సాగింది.

ఇంకో సంగతి. నైయాయికులు స్మృతిని, అంటే జ్ఞాపకాన్ని, ప్రమాణాల (సరైన జ్ఞానాన్నిచ్చే సాధనాల) పట్టికలో చేర్చలేదు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. నాలుగే. స్మృతి పాత అనుభవం వదిలిన సంస్కారం నుంచి పుడుతుంది, అది స్వయంగా కొత్త విషయం తెలియజేయదు. ఆ అనుభవం సరైనదైతే ఇదీ సరైనది, అది భ్రమైతే ఇదీ భ్రమే. నాకు గుర్తుంది కాబట్టి నిజం అనే వాదనకు వాళ్లు మొదట్లోనే తలుపు మూసేశారు.

సూటిప్రశ్న

అందరూ ఒకే వైపు మొగ్గుతున్నారు కాబట్టి అటు పక్క నేను నిలబడతాను.

జ్ఞాపకం అంత పనికిమాలినదైతే మనిషి బతకలేడు. రోజూ వందల విషయాలు సరిగ్గా గుర్తుంచుకుంటాం, అవి వార్త కావు. తప్పిపోయిన ఒకటి మాత్రం పాఠ్యపుస్తకంలోకి ఎక్కుతుంది. చిన్నప్పుడు దుకాణ సముదాయంలో తప్పిపోయావని లేని సంఘటన నమ్మించిన ప్రయోగం అందరూ చెబుతారు. 1995లో లోఫ్టస్, పిక్రెల్ చేశారు. పాల్గొన్నది 24 మంది. పూర్తిగానో కొంతవరకో గుర్తొచ్చిందన్నది వాళ్లలో పావు వంతు. సొంత ఇంటివాళ్లే చెప్పారని నమ్మబలికినా మిగతా ముప్పావు వంతు మంది నమ్మలేదు. ఆ మాట ఎవరూ చెప్పరేం?

ఇంకా వినండి. 2020లో టొరంటో పరిశోధకులు కొందరు ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషులను ఒక భవనంలో, ముందే సిద్ధం చేసిన దారిలో కళాఖండాలు చూపిస్తూ తిప్పారు. తర్వాత వాళ్లు చెప్పినదాన్ని జరిగినదానితో పోల్చారు. చాలా మరచిపోయారు, నిజమే. కానీ చెప్పిన వివరాల్లో నూటికి తొంభైకి పైగా సరైనవే. ఇది మీ భయంలో ఎక్కడ ఇముడుతుంది?

పాతకాగితం

సూటిప్రశ్న గారూ, మంచి చోట పట్టుకున్నారు. ఆ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. టొరంటోలో నడిచినవాళ్లను మధ్యలో ఎవరూ కదిలించలేదు. ఆ నడక గురించి టీవీలో చూపలేదు, నలుగురు కూర్చుని చెప్పుకోలేదు. ఛాలెంజర్ దృశ్యం మాత్రం టీవీల్లో మళ్లీ మళ్లీ వచ్చింది, నువ్వప్పుడు ఎక్కడున్నావన్న ప్రశ్నకు జనం ఒకరికొకరు జవాబు చెప్పుకున్నారు. ఊరుకున్న జ్ఞాపకం చిక్కిపోతుందే గానీ పెద్దగా వంకర పోదు, నలుగురి నోళ్లలో నలిగిందే రూపు మారుతుంది. ఇది నా ఊహ. నిపుణులు కాదంటే వింటాను.

నల్లకోటు

కాదనను. నా వృత్తి అంతా ఆ 'నలుగురి నోళ్ల' చుట్టూనే. పాతికేళ్లుగా సాక్షులను అడుగుతున్నాను కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, భరించండి.

చీఫ్‌లో, అంటే మన పక్షం సాక్షిని మనమే మొదట ప్రశ్నించేటప్పుడు, లీడింగ్ క్వశ్చన్ అడగకూడదని మాకు మొదటి పాఠం. జవాబు ప్రశ్నలోనే పెట్టి అందించకూడదన్నది దాని ఉద్దేశం. అయితే ప్రశ్నలో జవాబు ఎంత సన్నగా దూరుతుందో 1974లో లోఫ్టస్, పామర్ చూపించారు. కార్లు ఢీకొన్న సినిమా ముక్కలు చూపించి, ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ఒక్క క్రియాపదం మార్చారు, అంతే. కార్లు నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు అని అడిగితే సగటున గంటకు 40 మైళ్లకు కాస్త పైనే అన్నారు. ఒకదానికొకటి తగిలినప్పుడు అని అడిగితే 31.8 అన్నారు. రెండో ప్రయోగంలో వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దం చూశారా అన్నారు. ఆ సినిమాలో అద్దమేదీ పగల్లేదు. 'గుద్దుకున్నప్పుడు' అన్న ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. వేగం మాటే అడగని 50 మందిలో ఆరుగురే అన్నారు. అడిగినవాడి క్రియాపదం, విన్నవాడి కళ్లెదుట గాజు పెంకులైంది.

ఇక మనుషుల బతుకుల్లోకి వస్తే, నేను కొత్త జూనియర్లందరికీ చెప్పే కేసు ఒకటుంది. 1984, అమెరికాలోని ఉత్తర కరోలినా. అత్యాచారానికి గురైన విద్యార్థిని, బతికి బయటపడితే వీణ్ని పట్టించాలని ఆ సమయంలోనే అతని ముఖాన్ని పట్టుదలగా చూసి మనసులో పెట్టుకుంది. ఫొటోల్లో రొనాల్డ్ కాటన్ అనే యువకుణ్ని చూపించింది. తర్వాత మనుషులను వరుసగా నిలబెట్టినప్పుడూ అతన్నే చూపించింది. ఫొటోల్లోనూ వరుసలోనూ ఉన్నది అతనొక్కడే. నువ్వు ఫొటోల్లో చూపించింది ఇతన్నేనని పోలీసులు ఆమెకు చెప్పారు. అక్కడితో సందేహం పోయింది. 1985లో శిక్ష పడింది. 1987లో మళ్లీ విచారణ జరిగినప్పుడు అసలు నేరస్థుణ్ని కోర్టుకు తెచ్చి ఆమెకు ఎదురుగా నిలబెట్టారు. ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. ఆమె అబద్ధం చెప్పలేదు. అప్పటికి ఆమె జ్ఞాపకంలో ఉన్న ముఖం కాటన్‌దే. 1995లో డీఎన్‌ఏ పరీక్ష అతన్ని విడిపించింది. పదేళ్లు దాటింది జైల్లో.

పోలీసులు ఇచ్చిన ఆ ఒక్క భరోసా మాట ఎంత పని చేసిందో చూడండి. అందుకే ఇప్పుడు నిపుణులు రెండు జాగ్రత్తలు చెబుతారు. వరుస చూపించే అధికారికి నిందితుడెవరో తెలియకూడదు. సాక్షి గుర్తుపట్టిన ఆ క్షణంలోనే, ఎంత నమ్మకంగా చెబుతున్నావని అడిగి, ఆమె మాటల్లోనే రాసుకోవాలి. సూటిప్రశ్న గారు సంతోషించే సంగతి కూడా ఉంది. సవ్యంగా జరిపిన మొదటి గుర్తింపులో సాక్షి చూపే నమ్మకానికి విలువ ఉందని విక్స్‌టెడ్, వెల్స్ 2017లో వాదించారు. కోర్టు బోనులో చాలాకాలం తర్వాత చూపే నమ్మకానికి ఆ విలువ లేదు. కానీ జడ్జి కళ్ల ముందు కనిపించేది ఆ రెండోదే.

సూటిప్రశ్న

దీనికి ఒప్పుకుంటాను. అయితే 'జ్ఞాపకాన్ని నమ్మొద్దు' అన్నది పాఠం కాదు, 'మొదటిసారి ఎలా అడిగారో చూడు' అన్నది పాఠం. తేడా పెద్దది. మొదటి వాక్యాన్ని పట్టుకుని నిజంగా దెబ్బ తిన్నవాళ్ల నోరు మూయించేవాళ్లు ఉన్నారు.

నల్లకోటు

ఉన్నారండీ. రోజూ చూస్తున్నాను. అందుకే తేడా చెప్పడం అవసరం.

చుక్కలవల

కథ గురించి ఎవరూ మాట్లాడలేదు. 1944లో హైడర్, సిమెల్ ఒక చిన్న బొమ్మల సినిమా తీశారు. అందులో పెద్ద త్రిభుజం, చిన్న త్రిభుజం, ఒక సున్నా, తెరుచుకునే పెట్టె. అంతే. ఏం చూశారో రాయమంటే 34 మందిలో ఒక్కరు మాత్రమే అవి ఆకారాలు, ఇలా కదిలాయి అని రాశారు. మిగతావాళ్లలో చాలామందికి పెద్ద త్రిభుజం దౌర్జన్యపరుడు, సున్నా భయపడుతున్న ఆడపిల్ల, చిన్నది ఆమెను కాపాడేవాడు. మనం కథను తర్వాత చేర్చడం లేదు. చూస్తుండగానే కథగా చూస్తున్నాం.

పెద్ద ఉదాహరణ కావాలంటే 1964 మార్చిలో న్యూయార్క్‌లో జరిగిన కిటీ జెనోవీస్ హత్య. 38 మంది కిటికీల్లోంచి అరగంట పైగా చూస్తూ నిలబడ్డారు, ఒక్కరూ పోలీసులకు ఫోన్ చేయలేదు అని ప్రసిద్ధ పత్రికలో వచ్చింది. నగరం గుండె రాయి అన్న కథ అందులో ఒదిగిపోయింది. తరాల పాటు మనస్తత్వ శాస్త్ర పుస్తకాలు దాన్నే చెప్పాయి. 2007లో మానింగ్, లెవైన్, కాలిన్స్ ఆధారాలు తిరగేస్తే ఆ కథ నిలబడలేదు. దాడి మొత్తం చూసినవాళ్లు లేరు, రెండో దాడి జరిగిన చోటు చాలామందికి కనపడేదే కాదు. ఒకాయన కిటికీలోంచి అరిస్తే హంతకుడు అప్పటికి పారిపోయాడు. ఒక పొరుగింటావిడ కిందికి పరుగెత్తి, చనిపోతున్న అమ్మాయిని చేతుల్లో పట్టుకుంది. ఆ కథనంలో లోపాలున్నాయని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది.

నాకు బాధ కలిగించేది ఆ పొరుగింటావిడ. ఆమె చేసిన పని కథకు అడ్డం, కాబట్టి కథలోంచి తీసేశారు. ఎన్నో ఏళ్లు ప్రపంచం దృష్టిలో ఆమె లేదు.

తర్కం

ఆ కథ చదివి కలవరపడే డార్లీ, లాటనే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ ప్రయోగాలు మొదలుపెట్టారు. చుట్టూ జనం ఎక్కువైతే ఒక్కొక్కరి బాధ్యత పలచబడుతుందని 1968లో చూపించారు. కథ తప్పు, దాని నుంచి పుట్టిన ప్రశ్న సరైనది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

మందారం

ఇన్నాళ్లూ చదువుతున్నానే గానీ ఇక్కడ రాయలేదు. మా అమ్మకు మతిమరుపు జబ్బు. పొద్దున మంచం దిగలేదు, మధ్యాహ్నం 'ఇప్పుడే పనికెళ్లి వచ్చాను' అంటుంది. దారిలో ఎవరు కలిశారో, ఏమన్నారో కూడా చెబుతుంది. మొదట్లో కాదమ్మా, నువ్వు ఎక్కడికీ వెళ్లలేదు అని సరిదిద్దేదాన్ని. ఏడ్చేది. మీరందరూ నిజం నిజం అంటుంటే అడగాలనిపించింది. అమ్మ చెప్పేదాన్ని ఏమనాలి? సరిదిద్దాలా, వద్దా?

మెదడుబడి

మందారం గారూ, అది అబద్ధం కాదు. అమ్మ మిమ్మల్ని మోసం చేయాలనుకోవడం లేదు. జ్ఞాపకంలో ఖాళీ ఏర్పడితే మెదడు దాన్ని తోచినదానితో నింపి, నిజమైన జ్ఞాపకమంత నమ్మకంతో అందిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ ఇదే పని చేస్తారు. కాకపోతే మనల్ని అడ్డుకునే తనిఖీ ఇంకా పనిచేస్తోంది.

మెదడు రెండు అర్ధభాగాల మధ్య వంతెనను శస్త్రచికిత్సలో కోసిన రోగుల మీద మైఖేల్ గజానిగా చేసిన పరీక్షలు ఉన్నాయి. ఒకతని ఎడమ అర్ధభాగానికి కోడికాలు బొమ్మ, కుడి అర్ధభాగానికి మంచు పడ్డ దృశ్యం చూపించారు. ఎడమ అర్ధభాగం నడిపే కుడి చెయ్యి కోడి బొమ్మను, కుడి అర్ధభాగం నడిపే ఎడమ చెయ్యి మంచు తీసే పార బొమ్మను ఎంచుకున్నాయి. ఎందుకని అడిగితే, మాట్లాడే ఎడమ అర్ధభాగానికి మంచు సంగతే తెలియదు. అయినా తడుముకోలేదు. కోడికాలు కోడిది, కోళ్ల గూడు శుభ్రం చేయడానికి పార కావాలి కదా అన్నాడు. తెలియదు అన్న మాటే రాలేదు. మనందరిలోనూ ఇలా కారణాలు అల్లే భాగం ఒకటుందని గజానిగా అంటాడు.

మీ ప్రశ్నకు నాకు తోచింది చెబుతాను. మందులు, పొయ్యి, గడప దాటి వెళ్లడం లాంటి వాటిలో మీరు చూసుకోవాల్సిందే, అక్కడ ఆమె మాట మీద ఆధారపడకండి. మిగతా వాటిలో సరిదిద్ది గెలిచేదేం లేదు. పనికెళ్లొచ్చానంటే, ఏం పని చేశావమ్మా అని అడగండి. ఆ జవాబులో ఈ రోజు ఉండకపోవచ్చు, ఆమె ఎన్నో ఏళ్లు చేసిన పని ఉంటుంది. ఆమెకు వైద్యం చేసే డాక్టరును కూడా అడగండి.

మందారం

అడిగాను. చాలాసేపు మాట్లాడింది. థాంక్సండీ.

గొంతుల_సేకరణ

పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడమే నా పని కాబట్టి మందారం గారికీ, నల్లకోటు అన్నకీ మధ్యలో నేను నిలబడతాను. కోర్టుకు ఏం జరిగిందన్నది కావాలి. మాకు అది కావాలి, ఇంకొకటి కూడా కావాలి.

ఇటలీలో తెర్నీ అనే ఉక్కు కర్మాగారాల పట్టణం. 1949 మార్చి 17న, ఇటలీ నాటోలో చేరడాన్ని నిరసిస్తూ కార్మికులు చేసిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో లుయీజీ త్రాస్తుల్లి అనే 21 ఏళ్ల కార్మికుడు చనిపోయాడు. అలెస్సాండ్రో పోర్తెల్లి అనే మౌఖిక చరిత్రకారుడు దశాబ్దాల తర్వాత ఆ ఊరివాళ్లను అడిగితే, చాలామంది అతను 1953లో, రెండు వేల మందికి పైగా కార్మికులను తీసేసినప్పుడు జరిగిన గొడవల్లో చనిపోయాడని చెప్పారు. తేదీ తప్పు, సందర్భం తప్పు. ఇంతమంది ఒకే తప్పు ఎందుకు చేశారని పోర్తెల్లి అడిగాడు. తోటివాడు చనిపోతే ఏమీ చేయలేకపోయామన్న అవమానం ఆ ఊరిని వదల్లేదు. 1953లో ఊరంతా వీధుల్లోకి వచ్చి తిరగబడింది. చావును అక్కడికి జరిపితే దానికి జవాబు చెప్పినట్టయింది. ఆ తప్పు లేకపోతే ఆ ఊరి గుండె కోత మనకు తెలిసేదే కాదు.

సూటిప్రశ్న

చాలా గొప్ప ఉదాహరణ, చాలా ప్రమాదకరం కూడా. అది తప్పని పోర్తెల్లికి ఎలా తెలిసింది? 1949 నాటి కాగితాలు ఉన్నాయి కాబట్టి. కాగితం లేని చోట, జనం జ్ఞాపకమే సత్యమని ఎవడైనా తనకు కావలసిన గతాన్ని నిలబెట్టుకోవచ్చు. చెప్పడానికి సిగ్గుపడే పనులు చేసినవాళ్లకు 'అందరి వాస్తవం వేరు' అన్న మాట ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి.

గొంతుల_సేకరణ

నూటికి నూరుపాళ్లు. కాగితం లేకుండా నేనూ పని చేయను. కానీ కాగితం రాసినవాడు కూడా ఒక మనిషే. ఆ రోజు పోలీసు రాసిన నివేదికకూ ఒక కథ కావాలి. గొంతును కాగితంతో, కాగితాన్ని గొంతుతో సరిచూడాలి. రెండూ కలవని చోట ఏదో ఒకటి చెరిపేయకుండా రెండింటినీ ఉంచాలి.

మందారం

అమ్మకు ఇంకా కొంత బాగా గుర్తుంది. అది పోకముందే రికార్డు చేయాలనుకుంటున్నాను. ఎలా అడగాలి? పాత ఫొటోలు ముందు పెట్టి మొదలుపెడితే సులువవుతుందా?

గొంతుల_సేకరణ

ఫొటోలు తర్వాత పెట్టండి. 2002లో వేడిగాలి బెలూన్‌లో చిన్నప్పుడు ఎక్కినట్టు కల్పించిన ఫొటో చూపిస్తే, 20 మందిలో సగం మంది ఆ లేని ప్రయాణం గురించి ఎంతో కొంత గుర్తుచేసుకున్నారు. అసలు ఫొటో కూడా జ్ఞాపకాన్ని తన వైపు లాక్కుంటుంది, ఆమెకు ఆ రోజు బదులు ఆ ఫొటోనే గుర్తుండిపోతుంది. ముందు ఆమెను ఆమె దారిన చెప్పనివ్వండి. 'ఆ రోజుల గురించి చెప్పమ్మా' అని ఊరుకోండి. మధ్యలో ఆగితే వెంటనే అందుకోకండి, ఆగనివ్వండి. 'నాన్న అప్పుడు కోపంగా ఉన్నాడా' అని అడగొద్దు, 'నాన్న ఎలా ఉన్నాడు' అని అడగండి. ఆ మొదటి రికార్డింగ్‌ను ముట్టుకోకుండా దాచండి. తేదీ వేసి, గదిలో ఎవరెవరున్నారో, మీరేం అడిగారో అందులోనే మీ గొంతుతో చెప్పండి. రేపు వినేవాళ్లకు మీ వాటా ఎంతో తెలియాలి. ఫొటోలు పెట్టి మాట్లాడిన రికార్డింగ్ వేరే.

మందారం

మా పిన్ని కూడా వస్తానంటోంది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టనా?

నల్లకోటు

ముందు విడివిడిగా కూర్చోబెట్టండి. సాక్షులను మేమూ అలాగే చేస్తాం. ఒకరు గట్టిగా చెబితే రెండోవారు దాన్నే తమ జ్ఞాపకంగా తీసుకునే అవకాశం ఎక్కువ. ఇద్దరి మాటా విడిగా పడ్డాక కలిపి కూర్చోబెట్టండి. అప్పుడు ఇద్దరూ వాదించుకుంటే ఆపకండి, అది కూడా రికార్డు చేయండి.